కండక్టరు లేని సైకిలు

మీలో ఎవరైనా కండక్టరుని పెళ్ళి చేసుకున్నారా? లేదు కదా. అయితే నా గొడవ మీకు కాస్త విడమరిచి చెప్పాలి.

నేను బస్సు డ్రైవరుగా రిటైరయ్యాను. మా ఆవిడ అదే బస్సులో కండక్టరుగా రిటైరయింది. వెనక నుంచి ఆవిడ "రైట్ రైట్" అంటే నేను కదిలేవాణ్ణి, "హోల్డాన్" అంటే ఆగేవాణ్ణి. ఇంటికొచ్చాక కూడా అదే పద్ధతి. కాకపోతే బస్సులో నా చేతిలో స్టీరింగైనా ఉండేది.

మామూలుగా నన్ను "ఏవండీ" అంటుంది. కోపం వచ్చినప్పుడు మాత్రం "డ్రైవరు గారూ" అంటుంది. ఆ పిలుపు వినపడితే నేను ఏ గదిలో ఉంటే ఆ గదిలోనే బ్రేకు వేసుకుని నిలబడిపోతాను.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మాది ఒకటే రూటు. బస్టాండు నుంచి హార్బరు గేటు దాకా. గేటు ముందు బస్సు తిప్పుకుని మళ్ళీ వెనక్కి. అక్కడి నుంచి సముద్రం రోడ్డు ఓ రాళ్ళగుట్ట చుట్టూ మలుపు తిరిగి కనపడకుండా పోతుంది. బస్సు తిప్పుతున్న ప్రతిసారీ ఆ మలుపు వైపు ఓ చూపు చూసేవాణ్ణి. అటువైపు ఏముందో నాకు తెలియదు. అది మన రూటు కాదు కదా.

ఇక నా స్నేహితులు. ఒకడు రైలు గార్డుగా చేసి దిగినవాడు. వాణ్ణి అందరూ గార్డు అనే పిలుస్తారు. ఇప్పటికీ జేబులో పచ్చజెండా లేకుండా గుమ్మం దాటడు. రెండోవాడు టైలరు. మంచి పనివాడు గానీ మగాళ్ళ మాట నమ్మడు. టేపు నడుముకి తగలగానే ప్రతి మగాడూ పొట్ట లోపలికి లాగేస్తాడని వాడి అనుభవం. అందుకని మన కొలత తీసుకున్నట్టే తీసుకుని, ఇంట్లో ఆడవాళ్ళని అడిగి, అప్పుడు కత్తెర పట్టుకుంటాడు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. నాకూ తెలుసు. సమయానికి గుర్తు రాలేదంతే.

ఓ సాయంత్రం టైలరు కొట్లో బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాం. గార్డు ఉన్నట్టుండి, ఒంట్లో ఓపిక ఉండగానే ముగ్గురం సముద్రం ఒడ్డు వెంబడి సైకిళ్ళ మీద పోదాం అన్నాడు. మన ఊరి లైట్‌హౌసు దగ్గర బయల్దేరి, ఊరూరా పడుకుంటూ, అవతలి రాష్ట్రంలో లైట్‌హౌసు దాకా. రోడ్డు ఎటు వెళ్తుందని అడిగాను. హార్బరు గేటు దాటి, రాళ్ళగుట్ట మలుపు తిరిగి, అన్నాడు వాడు.

నా టీ అక్కడే చల్లారిపోయింది. మలుపు అనగానే నేను సగం ప్రయాణం చేసేశాను.

మిగతా సగానికి మా ఆవిడ అడ్డం. కిందటేడు బల్బు మారుస్తూ స్టూలు మీద కళ్ళు తిరిగి పడ్డాను. బల్బు పగల్లేదు గానీ, ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. స్టూలు ఎక్కకూడదు, మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడకూడదు, రెండు చక్రాల బండి జోలికి అసలు పోకూడదు. ఆవిడ ఒకసారి టికెట్టు కొట్టిందంటే వెనక్కి తీసుకోదు.

"చెల్లెమ్మకి చెప్పి ఒప్పించు" అన్నాడు టైలరు.

"చెప్తే ఒప్పుకోదు. అందుకని చెప్పను" అన్నాను.

"బయల్దేరే రోజైనా తెలుస్తుంది కదరా?"

"బయల్దేరాక ఫోన్ చేసి చెప్తా. అప్పటికి మలుపు దాటేసి ఉంటాను."

ఆ తెలివితేటలకి నాకే ముచ్చటేసింది. సైకిలు కొని టైలరు కొట్టు వెనక దాచాను. ఇంట్లో మాత్రం తెల్లారగట్ల నడకకి వెళ్తున్నానని చెప్పాను. మంచిదే వెళ్ళిరండి అంది మా ఆవిడ. అంత తేలిగ్గా అనేసరికి నాకు అప్పుడే అనుమానం రావలసింది.

సాధన మొదలైంది. సైకిలు తొక్కడం మర్చిపోరంటారు, నిజమే. కానీ బస్సు తోలడం కూడా మర్చిపోరు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి రోజే బస్టాపు కనపడగానే నా చేతులు వాటంతట అవే ఎడమకి తిరిగాయి, బ్రేకు పడింది, ఒక కాలు కింద పెట్టి ఎవరైనా దిగుతారేమోనని వెనక్కి చూశాను. తర్వాతి స్టాపులోనూ అదే తంతు. మూడో స్టాపులో ఒక ముసలాయన సంచీ భుజాన వేసుకుని దగ్గరికొచ్చి, "ఇది హార్బరుకి వెళ్తుందా?" అని అడిగాడు. వెళ్తుంది గానీ సీట్లు లేవన్నాను. ఆయన తలాడించి వెనక్కి పోయి నిలబడ్డాడు.

మిగతా ఇద్దరూ నాకంటే ఏం గొప్ప కాదు. గార్డు ఎప్పుడూ చివరి పెట్టెలో కూర్చున్న మనిషి కనక అందరి వెనకే వస్తానంటాడు. పైగా ముందుకి కాక వెనక్కి చూస్తూ తొక్కుతాడు. టైలరేమో ఎదురొచ్చే వాళ్ళ చొక్కాల కుట్లు చూస్తూ గుంతలో దిగుతాడు. "ఆ కాలరు చూశావా, ఎవడు కుట్టాడో గానీ" అని గుంతలో నుంచే అడుగుతాడు.

ఇంట్లో నా అవస్థ వేరు. వారం తిరిగేసరికి కూర్చోవడం కష్టమైపోయింది. టిఫిను నిలబడి తింటున్నాను.

"కూర్చుని తినొచ్చుగా" అంది మా ఆవిడ.

"నిలబడి తింటే బాగా అరుగుతుందట."

"ప్యాంటు అంచుకి ఆ గ్రీజేమిటి?"

"రోడ్డు మీద అంటుకుంది."

"నడిచే వాళ్ళకి రోడ్లు గ్రీజు పూస్తున్నాయన్నమాట" అంటూ ఆవిడ నా కంచంలో ఇంకొంచెం వడ్డించింది.

ఇక లాభం లేదని కుర్చీ మీది మెత్త ఒకటి చంకలో పెట్టుకుని తీసుకెళ్ళి సైకిలు సీటుకి కట్టేశాను. సాయంత్రానికి ఇల్లు అల్లకల్లోలం అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. మర్నాడు తెల్లారగట్ల చెప్పులేసుకుంటుంటే, గుమ్మం పక్కన ఇంకో మెత్త, ఇంకాస్త దళసరిది, పెట్టి ఉంది. ఎండకి వేయడానికి పెట్టింది కాబోలనుకుని అదీ పట్టుకుపోయాను. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను.

ఈలోగా టైలరు మా ముగ్గురికీ లోపల స్పాంజి వేసిన నిక్కర్లు కుడతానన్నాడు. నా నడుముకి టేపు పెట్టాడు. మర్యాదగా ఊపిరి బిగబట్టాను. అంకె చదివి తలాడించాడు. ఆ తలాడింపు అర్థం తర్వాత తెలిసింది. రెండు రోజుల్లో నిక్కరు వచ్చింది. భోజనం చేసి తొడుక్కున్నా హాయిగా ఉంది. వాడి చేతి మహిమ అనుకున్నాను.

ఆ తర్వాత మా ఆవిడ మామూలు పరీక్షలకని నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నన్ను ఒక కదలని సైకిలు ఎక్కించి తొక్కమన్నాడు. ఎదురుగా బస్టాపు లేదు కనక ఆగకుండా తొక్కాను. ఆయన గుండె విని, రక్తపోటు చూసి, బయటికెళ్ళి మా ఆవిడతో ఏదో మాట్లాడాడు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఈల వేసుకున్నాను.

కానీ ఒక్క మాట దాచుకోకుండా చెప్పాలి. బయల్దేరే రోజు దగ్గరపడుతున్న కొద్దీ నాకు నిద్ర పట్టలేదు. భయం సైకిలు గురించి కాదు. ఆవిడ "రైట్ రైట్" అనకుండా నేను ఎప్పుడూ ఎక్కడికీ కదల్లేదు. ఫోన్‌లో ఏం చెప్పాలో గోడ వైపు తిరిగి పడుకుని మనసులో వల్లించుకునేవాణ్ణి. ఎంత వల్లించినా "నేను మలుపు దాటేశాను" అన్న దగ్గర బ్రేకు పడిపోయేది.

ఇక ఆ రోజు. ప్రయాణానికి ముందు ఆఖరి సాధన అని సామానంతా కట్టుకుని బయల్దేరాం. ముందు నేను, వెనక టైలరు, ఆ వెనక ఎప్పట్లాగే వెనక్కి చూస్తూ గార్డు. ఈసారి ఏ స్టాపులోనూ ఆగనని ఒట్టేసుకున్నాను. రెండు స్టాపులు పళ్ళ బిగువున దాటేశాను కూడా. మూడోది మార్కెట్టు స్టాపు. దూరం నుంచే చూశాను. స్తంభం పక్కన కూరగాయల సంచీతో మా ఆవిడ నిలబడి ఉంది.

వంగి పక్క సందులోకి తిరిగిపోవచ్చు. తల దించుకుని జోరుగా వెళ్ళిపోనూ వచ్చు. బుర్ర ఈ రెండూ చెప్తూనే ఉంది. ఇంతలో ఆవిడ చెయ్యి ఎత్తింది. ఎడమ పక్కకి తీసి, సరిగ్గా ఆవిడ కాళ్ళ ముందు, అంగుళం అటూ ఇటూ కాకుండా ఆపాను.

టైలరు నన్ను గుద్దుకున్నాడు. వెనక్కి చూస్తున్న గార్డు టైలరుని గుద్దుకున్నాడు. పచ్చజెండా ఎగిరి కూరగాయల సంచీలో పడింది, సంచీలో వంకాయలు రోడ్డు మీద పడ్డాయి. ఇవన్నీ చాలనట్టు వెనక నుంచి నిజం బస్సు వచ్చి హారను కొట్టింది. దాని డ్రైవరు ఒకప్పుడు నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "గురువుగారూ, ఈ స్టాపు నాదండీ" అన్నాడు చాలా మర్యాదగా.

మా ఆవిడ వంకాయలన్నీ ఏరుకుంది. జెండా దులిపి గార్డుకి ఇచ్చింది. టైలరు మోచెయ్యి చూసి ఏమీ కాలేదంది. తర్వాత వచ్చి నా వెనక క్యారేజి మీద ఎక్కి కూర్చుంది.

"డ్రైవరు గారూ, ఇంటి దగ్గర ఆపండి" అంది. "రైట్ రైట్."

 దారంతా నాకు కాళ్ళకంటే నోరు ఎక్కువ ఆయాసపడింది. సైకిలు సంగతి, లైట్‌హౌసు ప్రయాణం సంగతి, గార్డుదే తప్పన్న సంగతి అన్నీ చెప్పేశాను. గుమ్మం ముందు దిగి, సంచీ కింద పెట్టి, అప్పుడు నోరు విప్పింది.

"మీ టైలరు మొదటి వారమే వచ్చి మీ నడుము కొలత అడిగాడు. ఎందుకన్నాను. చెప్పేశాడు. రెండో మెత్త ఎవరు పెట్టారనుకున్నారు? డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళాననుకున్నారు?"

"మరి ఆయన ఏమన్నాడు?"

"తొక్కొచ్చన్నాడు. మెల్లగా, పక్కన మనిషి ఉంటే."

"తెలిసి ఇన్నాళ్ళూ ఊరుకున్నావా?"

"మీరే చెప్తారేమోనని చూశాను. చెప్పలేదు. ఇవాళ స్టాపులో నిలబడ్డాను. అక్కడ నన్ను దాటి వెళ్ళలేరని నాకు తెలుసు."

 సైకిలు ఎక్కినందుకు తిడుతుందనుకున్నాను. ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు.

"బస్సు తిప్పిన ప్రతిసారీ ఆ మలుపు వైపు చూసేవారు కదా. వెనక తలుపు దగ్గర నిలబడి నేనూ చూసేదాన్ని" అంది. "నేను కూడా అటు వెళ్ళలేదండీ."

అప్పుడు మాత్రం నాకు నిజంగా సిగ్గేసింది. బస్సులో మేమిద్దరం ఉండేవాళ్ళం. ఆ మలుపుని మాత్రం నేనొక్కణ్ణే చూశాననుకుంటూ గడిపేశాను. క్షమించమని అడిగాను. అడిగి, ప్రయాణం మానేస్తానన్నాను కూడా.

"మానడం దేనికి? నాకూ నిక్కరు కుట్టమని టైలరుకి ఎప్పుడో చెప్పాను" అంటూ ఆవిడ వంకాయలు కడగడానికి లోపలికి వెళ్ళింది.

గుండెల మీద నుంచి ఓ బస్సు దిగినట్టయింది. ఆ రాత్రి పక్క మీద వాలగానే నిద్ర పట్టేసింది. గురక పెట్టానని మా ఆవిడ పొద్దున్న ఫిర్యాదు చేసింది.

బయల్దేరే రోజు లైట్‌హౌసు దగ్గరికి చేరేసరికి నా సైకిలు అక్కడ లేదు. దాని బదులు బీచిలో సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు వాళ్ళ పొడుగాటి సైకిలు ఉంది. రెండు సీట్లు, రెండు జతల పెడల్సు. ముందు సీటుకి నా మెత్త, వెనక సీటుకి ఆ దళసరి మెత్త కట్టి ఉన్నాయి. దళసరిది ఎవరి కోసం కొన్నదో అప్పటికి తెలిసింది. హ్యాండిలు నాది. వెనక సీటు ఎవరిదో చెప్పక్కర్లేదు.

గార్డు పచ్చజెండా ఊపాడు. నేను కదల్లేదు. మళ్ళీ ఊపాడు. నా కాలు పెడలు మీదే ఉంది, తొక్కబుద్ధి కావడం లేదు. వెనక నుంచి "రైట్ రైట్" అని వినపడింది. అప్పుడు కదిలాను.

హార్బరు గేటు వచ్చింది. నా చేతులు బండిని వెనక్కి తిప్పబోయాయి. వెనక నుంచి ఓ వేలు నా వీపు మీద పొడిచింది. తిన్నగా వెళ్ళిపోయాను. గుట్ట దగ్గరపడే కొద్దీ సైకిలు బరువెక్కుతోంది.

"వెనక తొక్కుతున్నావా?" అని అడిగాను.

"ఎక్కడైనా కండక్టరు బండి తోల్తుందా?" అంది.

ఇక నేనే ఆయాసపడుతూ మలుపు తిప్పాను. ఇన్నేళ్ళూ అటువైపు ఏముందోనని ఊహించుకున్నాను కదా. అక్కడ సముద్రం ఉంది, ఇటు ఉన్న సముద్రమే. రోడ్డు ఉంది. రోడ్డు పక్కన ఒక బస్టాపు ఉంది.

నా చేతులు ఎడమకి తిరిగాయి, బ్రేకు పడింది. వెనక టైలరు, వాడి వెనక గార్డు వచ్చి దబ్బుమన్న చప్పుడు వినపడింది. స్టాపులో ఒక్క మనిషి కూడా లేడు.

మా ఆవిడ ఆ ఖాళీ స్టాపుని, దాని వెనక సముద్రాన్ని కాసేపు చూసింది. నేనూ చూశాను. ఆవిడ తొందరపెట్టలేదు.

"ఎక్కేవాళ్ళు ఎవరూ లేరు" అంది చివరికి. ఈసారి తన పెడల్సు మీద కాళ్ళు పెట్టింది. "రైట్ రైట్."