రెండో మాయ మంజూరు

"ఉద్దానంలో ఇకమీదట ఏ కవలలూ వివక్షకు గురికారు!" అని కవలల సంక్షేమ కమిటీ ఛైర్మన్ ఢిల్లేశ్వరరావు గారు మూలపేట వైద్యశిబిరంలో ప్రకటించారు. ఇన్నాళ్లూ గురవుతున్నారని మాకు తెలీదు. ఆశా వర్కర్ని కాబట్టి చప్పట్లు ముందు నేనే కొట్టాను.

వేదిక పక్క గుడారంలో డాక్టర్ ప్రవల్లిక గారు స్కానింగ్ చేస్తున్నారు. బల్ల మీద లావణ్య, అయిదో నెల. పక్కనే అత్త కాసులమ్మ.

"కవలలమ్మా. కానీ కడుపులో బిడ్డలకి రక్తం అందించే మాయ ఇద్దరికీ ఒకటే. ఒక బిడ్డకి రక్తం ఎక్కువ, ఇంకో బిడ్డకి తక్కువ పోయే ప్రమాదముంది. పదిహేను రోజులకోసారి స్కాన్ చేసి కనిపెట్టుకుంటే ఇద్దర్నీ కాపాడుకోవచ్చు."

ఛైర్మన్ గారి చెవులు చురుకైనవి. వెంటనే మైకందుకున్నారు.

"ఇద్దరు బిడ్డలికి ఒక్క మాయా? ఇదేటి న్యాయం? రెండో మాయ ఇప్పుడే శాంక్షన్ సేత్తన్నాను!"

"సార్, అది కడుపులో పెరిగేది. ఇచ్చేది కాదు..."

"ఫండ్స్ సంగతి నాకొగ్గీయమ్మా."

మాటంటే మాటే. సాయంత్రానికల్లా కంప్యూటర్లో లావణ్య పేరుకెదురుగా 'మాయలు: రెండు' అని ఎక్కింది. రెండుంటే నెలకోసారి స్కాన్ చాలు. పదిహేనో రోజున కోడలితో ఆసుపత్రికొచ్చిన కాసులమ్మకి స్కాన్ స్లిప్పు రాలేదు.

"కాస్త మార్చు నాయనా" అన్నాను ఆపరేటర్ ఉమామహేష్‌తో.

"ఛైర్మన్ గారిచ్చిన మాయని నేను తీసేత్తే, నన్ను తీసేత్తారక్కా."

లావణ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. కాసులమ్మ మాత్రం కొంగు బిగించింది.

"శాంక్షనైంది వచ్చిందో లేదో సూడరేటి? మా ఊరి రోడ్డు రాకపోయినా ఎన్నిసార్లు సూసెల్లలేదు!"

ఆ మాట విన్న డాక్టరమ్మ మొహం వెలిగింది. 'మంజూరైన రెండో మాయ పురోగతిని పక్షానికోసారి తనిఖీ చేయుటకు అనుమతి కోరడమైనది' అని రాశారు. తనిఖీ అన్న మాట చూడగానే ఛైర్మన్ గారు సంతకం పెట్టేశారు.

ఎనిమిదో తనిఖీ అయ్యాక ఆపరేషన్ చేశారు. ఇద్దరూ ఆడపిల్లలే, చెరో రెండుంపావు కేజీలు. ఒకర్ని మించి ఒకరు ఏడ్చారు. కాసులమ్మ వార్డంతా పంచదార పంచింది.

మర్నాడు కమిటీ నుంచి ఫణీంద్ర గారు ఫైలుతో లావణ్య మంచం దగ్గరకొచ్చారు.

"రెండో మాయ అందిందా అమ్మా?"

"అందింది బాబూ."

"ఎప్పుడు?"

"అప్పుడే, మీటింగులోనే. నాకొక్కదానికేటి, వచ్చినోళ్లందరికీ అందింది."

ఫణీంద్ర గారు లబ్ధిదారుల సంఖ్య సవరించుకున్నారు.