దివాలా మర్యాదలు

పనిచేసే కంపెనీ దివాలా తీయడం కన్నా కార్మికుడికి అదృష్టం ఇంకొకటి లేదు. నవ్వకండి! కంపెనీ లాభాల్లో ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని ఎవరైనా "టీ తాగారా అండీ" అని అడిగారా? దివాలా తీయనివ్వండి, అడగడానికి కోర్టువారే ఒక మనిషిని పంపిస్తారు.

కొత్తూరు బిస్కెట్ ఫ్యాక్టరీకి అలా వచ్చినవారే వరప్రసాద్‌గారు. మునిగిన కంపెనీని కొన్నాళ్లు నడిపి, కొనేవాళ్లను వెతికి, అప్పిచ్చిన బ్యాంకుల ముందు నిలబెట్టడం ఆయన వృత్తి. ఆయన మాత్రం ఒప్పుకోరు. "మనం చూడాల్సింది మెషీన్లను కాదండీ, మనుషుల్ని," అంటారు. కాకినాడ మనిషి, మర్యాదకు లోటేముంటుంది?

వచ్చీ రాగానే ప్యాకింగ్ సెక్షన్‌లో స్టూలు వేయించుకుని కూర్చున్నారు. రేణుకమ్మ మోకాళ్ల నొప్పులు విన్నారు. యాదయ్య బోరు ఎండిపోయిన సంగతి విన్నారు. ఓవెన్ దగ్గర ఫ్యాను తిరగదని విని కళ్లు తుడుచుకున్నారు. ఫ్యాను ఇప్పటికీ తిరగదు, అది వేరే విషయం.

కొనడానికి ఇద్దరొచ్చారు. ఒకాయన బిస్కెట్లే చేస్తానన్నాడు. రెండో ఆయన షెడ్డు పడగొట్టి గోడౌన్లు కడతానని, ధర కాస్త ఎక్కువిస్తానని అన్నాడు. ఎవరికివ్వాలో తేల్చే బ్యాంకుల మీటింగు శంషాబాద్‌లో, ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో. కార్మికుల తరఫున కూడా ఒకరు వచ్చి కూర్చోవచ్చని వరప్రసాద్‌గారే కబురు పెట్టారు. ఎంత విశాల హృదయం!

ప్యాకింగ్ చేసే మంజులను అందరూ కలిసి పంపారు. "చెయ్యెత్తుడు మర్వకు బిడ్డా," అని యాదయ్య బస్సు దాకా వచ్చి చెప్పాడు.

మంజుల మరవలేదు. బిస్కెట్లాయన పేరు రాగానే చెయ్యి నిటారుగా ఎత్తింది. బ్యాంకుల చేతులన్నీ గోడౌన్లకు లేచాయి. కార్మికులు రావచ్చు, కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు మాత్రం అప్పిచ్చినవాళ్లకే. రూలండీ, రూలు! అయినా వరప్రసాద్‌గారు ఆ ఒంటరి చేతిని ఆప్యాయంగా చూసి "థాంక్యూ మంజులగారూ" అన్నారు. ఆయన మనసు తేలికపడింది.

మీటింగ్ అయ్యాక సమోసాల ప్లేటు స్వయంగా తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఇంతకన్నా మానవత్వం ఏం కావాలి?

"మీ మనసులో ఏముందో చెప్పండమ్మా. వినడానికే ఉన్నాను."

మంజుల ప్లేటు ముట్టలేదు. "నా చెయ్యి లెక్కకు రాదని మీకు ముందుగాల్నే ఎర్కేనా సార్?"

"రూలు అంతేనమ్మా."

"గా ముచ్చట నిన్న చెప్తే మంచిగుంటుండె. పక్కన మందుల కంపెనోళ్లు ఇయ్యాల పొద్దుగాల పనికి రమ్మన్నరు. నేను చెయ్యెత్తితె మా ఫ్యాక్టరీ నిలబడ్తదనుకొని పోలే. నా జాగల వేరేటామెను పెట్టుకున్నమని ఇప్పుడే ఫోన్ జేసిండ్రు."

వరప్రసాద్‌గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆ మాట కూడా చివరిదాకా ఎంతో శ్రద్ధగా విన్నారు.