ముప్పై రెండు ప్రశ్నలు

భార్య గుర్తింపు కార్డు బస్సులో పోయిన రోజున మేష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఆవిడ ప్రవేశం రద్దు చేయించాలి. కార్డు అప్పగించాలి. వచ్చేటప్పుడు పాలు కొనాలి. పదకొండున్నరకి ఇంట్లో ఉండాలి. ఇంట్లో ఉండి ఏం చెయ్యాలన్నది పథకంలో లేదు.

ఆవిడ పోయి రెండు నెలలైంది. యాభై ఆరో ఏట భూగర్భశాస్త్రంలో చేరి, మూడో సెమిస్టరు మధ్యలో పోయింది. వంటగది అరలో ఉప్పు డబ్బా పక్కన ఆవిడ రాళ్ళు ఇంకా వరసగా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో అంకె అంటించి. విశ్వవిద్యాలయం మాత్రం ప్రతి సోమవారం ఆవిడ ఫోనుకి సందేశం పంపుతూనే ఉంది: "మీరు తరగతికి రావడం లేదు. మీ కోసం ఎదురుచూస్తున్నాం." ఎనిమిది సోమవారాలు అది చదివాక మేష్టారు లేచి చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు.

ఆ విశ్వవిద్యాలయంలో అన్ని వయసుల వాళ్ళూ, అన్ని భాషల వాళ్ళూ, పగలంతా పనిచేసి సాయంత్రం చదివేవాళ్ళూ ఉన్నారు. చేరిన ప్రతి ముగ్గురిలో ఒకరు ఏడాది తిరక్కుండానే మానేస్తున్నారని కొత్తగా ఒక విభాగం తెరిచారు. దానికి పొడుగాటి పేరుంది. విద్యార్థులు 'ఆపే గది' అంటారు. అక్కడ రెండు నియమాలు. ఎవరి మీదా చిన్నచూపు కలగకుండా, తెర మీద విద్యార్థి పేరూ, వయసూ, ఫొటో కనబడవు, నంబరొక్కటే ఉంటుంది. రెండోది, చదువు మానేస్తామని పసుపు కాగితం పట్టుకొచ్చిన వాళ్ళని కారణం చెప్పనివ్వకూడదు. ముందే కారణం చెప్పేసినవాళ్ళు దాన్నే పట్టుకుని వెళ్ళిపోతున్నారట. అందుకని మొదట ముప్పై రెండు ప్రశ్నలు అడగాలి. గేటు దగ్గర 'రద్దు' అనగానే మేష్టారి చేతిలోనూ పసుపు కాగితమే పెట్టి అక్కడికి పంపారు.

"నంబరు చెప్పండి సార్," అంది ఆపే గదిలోని ఉద్యోగిని. మేష్టారు భార్య నంబరు చెప్పారు.

"కార్డు?"

"బస్సులో పోయిందమ్మా. అసలు విషయమేమిటంటే..."

"విషయం తర్వాత సార్. కార్డు ముందు. ఒకసారి అటు చూడండి."

అటు చూశారు. కెమెరా టక్కుమంది. రెండు నిమిషాల్లో భార్య నంబరుతో, మేష్టారి మొహంతో, ఇంకా వెచ్చగా ఉన్న కార్డు బయటికొచ్చింది. ఉద్యోగిని దానికి తాడు కట్టి ఆయన మెళ్ళో వేసింది.

"ఇది నేను కాదమ్మా."

"ఫొటో చూసుకుని అందరూ అదే అంటారు సార్. ఇక మొదటి ప్రశ్న."

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి "అడిగిన దానికి జవాబు చెప్పు" అని నేర్పిన మనిషి. అడిగాక చెప్పకుండా ఉండటం ఆయనకి చేతకాదు.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"రెండింటికి మెలకువ వచ్చేస్తోంది."

"వేళకి తింటున్నారా?"

"గుర్తొచ్చినప్పుడు."

"నిన్న ఎవరితోనైనా ఐదు నిమిషాలకి మించి మాట్లాడారా?"

మేష్టారు నిజాయితీగా ఆలోచించారు. "కరెంటు మీటరు చూసే అతను వచ్చాడు. నాలుగు నిమిషాలుంటుందేమో."

ఉద్యోగిని నీలం పెన్ను పక్కన పెట్టి ఎర్ర పెన్ను తీసింది.

అక్కణ్ణుంచి బండి ఆగలేదు. నిద్ర పట్టనందుకు మానసిక సలహాదారు దగ్గర బుధవారం సమయం ఇచ్చారు. తిననందుకు క్యాంటీన్ కూపన్ల పుస్తకం ఇచ్చారు. "పాఠాలు అర్థమవుతున్నాయా?" అంటే, "భూగర్భం గురించి నాకు ఒక్క ముక్క తెలియదమ్మా," అన్నారు. వారానికి మూడు ప్రత్యేక తరగతులు పడ్డాయి. ప్రతి జవాబుకీ ఆయన చెప్పబోయిన అసలు మాట, చేతిలోకి వచ్చిపడే కొత్త కాగితం కింద నలిగిపోయింది. పైగా ఆయన కూడా అంత గట్టిగా ఏమీ ప్రయత్నించలేదు. తిన్నారా అని ఎవరైనా అడిగి చాలా రోజులైంది.

"ఇరవై రెండు. తరగతిలో మీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"తెలియదు."

ఉద్యోగిని మొహం పాలిపోయింది. వెంటనే ఆ నంబరు పక్క సీటు ఎవరిదో వెతికి ఫోను చేసింది. అరగంటకి ఖాకీ చొక్కాలో, భుజాన టికెట్ల సంచీతో ఒకావిడ వచ్చింది. బస్సు కండక్టరు. ఉదయం డ్యూటీ దిగి నేరుగా వచ్చింది.

"ఈయనెవరు? నా పక్కన కూర్చునేది అక్క కదా," అంటూ మేష్టారి మెళ్ళో కార్డు అందుకుని నంబరు చూసింది. "ఇది అక్క నంబరే. అంటే మీరు... బావగారా? అక్కకి ఏమైందండీ, ఫోనెత్తదు? ఎనిమిది శనివారాల్నించి సంచీ పెట్టి ఆవిడ సీటు ఆపుతున్నా. అందరితో మాటలు పడుతున్నా."

భార్య ఫోను మీద 'కండక్టరు చెల్లి' అని వెలగడం మేష్టారు ఎన్నోసార్లు చూశారు. ఎత్తితే చెప్పాల్సిన మాట ఒకటుంది. అది చెప్పలేక ఎత్తలేదు.

"మీ అక్క లేదమ్మా," అన్నారు. "రెండు నెలలైంది."

ఉద్యోగిని ఎర్ర పెన్ను కింద పెట్టింది. కండక్టరు పక్క కుర్చీలో కూలబడింది.

టికెట్ల సంచీ ఒళ్ళోకి లాక్కుని కండక్టరే అంది. "అక్క దగ్గర నా రాయొకటుంది బావగారూ. పద్నాలుగో నంబరు. అక్కది మీరు చెత్తనుకుని పారేశారట కదా. పరీక్షకని నాది ఇచ్చా."

"అవును, పారేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు."

"మీతో రెండు రోజులే. నా దగ్గర వారం తిట్టింది మిమ్మల్ని."

మేష్టారు నవ్వారు. అందుకు అందరికన్నా ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

ఉద్యోగిని లోపలికి వెళ్ళి ఒక తెల్ల కాగితం తెచ్చింది. "మీకు కావాల్సింది ఇది సార్. దీనికి ప్రశ్నలుండవు. ఒక్క సంతకం, నిమిషం పని. క్షమించండి."

మేష్టారు పెన్ను మూత తీశారు. సంతకం గడి చిన్నదే. చాలాసేపు చూసి మూత పెట్టేశారు.

"ముప్పై రెండన్నారు. ఇరవై రెండే అయ్యాయి."

"మిగతావి మీకు అక్కర్లేదు సార్."

"అడగండమ్మా."

ఉద్యోగిని కండక్టరు వంక చూసింది. మళ్ళీ ప్రశ్నల కాగితం అందుకుంది. "ఇరవై మూడు. మళ్ళీ ఎప్పుడు వస్తారు?"

"శనివారం. రాయి ఇచ్చెయ్యాలి."

"సంచీ పెట్టి ఉంచుతా," అంది కండక్టరు.

ఆ సాయంత్రం ఆపే గది నివేదికలో, మానేయకుండా నిలిచిన విద్యార్థుల సంఖ్య ఒకటి పెరిగింది. సరిచెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. తెల్ల కాగితం వంటగది అరలో పద్నాలుగో రాయి కింద ఉంది. దాని మీద సంతకం ఇంకా పెట్టలేదు.

పాలు కూడా కొనలేదు.