ఒడిలో పడిన రాజీనామా

గర్భిణుల మీద మన చట్టానికి బొత్తిగా దయ లేదని బల్లగుద్ది చెబుతున్నాను. కాన్పుకు జీతంతో సెలవు ఎంతిచ్చింది? ఇరవై ఆరు వారాలు! అంటే ఆరే ఆరు నెలలు! పసిగుడ్డు సరిగా కూర్చోవడం కూడా రాకముందే తల్లిని సుద్దముక్క పట్టుకుని రమ్మంటారా? ఇదేం న్యాయం?

మెదక్‌లో నేను పనిచేసే ప్రైవేటు బడిలో ఇటువంటి పిసినారితనం లేదు. మేమిచ్చే సెలవు జీవితాంతం!

పద్దెనిమిదేళ్లుగా నేనా బడిలో తెలుగు పంతులును. మా కరస్పాండెంట్ చంద్రకాంత్ గారి ఉదారతను కళ్లారా చూసినవాణ్ణి. ఏ టీచరమ్మకైనా ఏడో నెల పడిందని తెలిస్తే చాలు, స్టాఫ్ రూమ్‌లో శ్రీమంతం పెట్టించేస్తారు. ఖర్చంతా బడిదే. పుట్టింటివాళ్లు కూడా ఇంత చేయరు! గాజులు, పూలు, చీర, ఐదు రకాల పండ్లు, చౌరస్తా బేకరీ నుంచి కేకు. ఆయన తల్లి పద్మమ్మ గారు స్వయంగా వచ్చి ఒడి నింపుతారు. బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒక్కొక్కటే కొంగులో పడతాయి. చివరగా ఒక మడత కాగితం పడుతుంది.

ఒడిలో పడ్డదాన్ని కాదనకూడదు కదా! ఆ కాగితం రాజీనామా. "వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా" ఉద్యోగం మానుకుంటున్నట్టు అందులో ఉంటుంది. కింద సంతకానికి చోటు వదిలిపెడతాం. పద్మమ్మ గారికి చదువు రాదు, అదేదో దీవెన పత్రమని ఆమె నమ్మకం. అందులోని భాష మాత్రం అచ్చంగా నాది. "ఈ బడి చూపిన తల్లి ప్రేమను మరువలేను" అన్న వాక్యం దగ్గర చాలామంది టీచర్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. నా శైలి అంత గొప్పదని ఇన్నాళ్లూ మురిసిపోయాను.

మాలో మతభేదాలు కూడా లేవండోయ్! నిఖత్ టీచర్‌కు వాళ్ల పద్ధతిలో ఏడో నెల వేడుక, సత్వాసా చేశాం. ఎలిశిబా టీచర్‌కు ప్రార్థన పెట్టించాం. పూలు మారాయి, పాటలు మారాయి, కాగితం మాత్రం అందరికీ ఒక్కటే. సర్వమత సమానత్వం అంటే ఇది కాదా?

చట్టంలో ఇంకో చాదస్తం ఉంది. యాభై మంది పనిచేసే చోట పసిపిల్లలను చూసుకునే గది ఉండాలట! చట్టమంటే మాకు గౌరవం. అందుకే మా రిజిస్టర్‌లో నలభై తొమ్మిది మందిమే ఉన్నాం. యాభయ్యో మనిషి వాచ్‌మన్ ఎల్లయ్య. ఇరవై ఏళ్లుగా అందరికీ గేటు తీస్తున్నాడు గానీ, తాను మాత్రం రిజిస్టర్ లోపలికి ఇంకా రాలేదు.

మరి తండ్రులకు సెలవు లేదా అంటారేమో. ఎందుకు లేదు? నాకు దొరికింది. మా అమ్మాయి ఆదివారం పుట్టింది.

ఇంత చక్కగా సాగిపోతున్న బడిలో నిరుడు రజనికి ఏడో నెల వచ్చింది. రజని మా లెక్కల టీచర్. పాపన్నపేట పిల్ల, నాలుగేళ్లుగా పనిచేస్తోంది, మొదటి కాన్పు. భర్త పరమేశ్ షేర్ ఆటో నడుపుతాడు. ఆటో మీద వచ్చింది ఆటో కిస్తీలకే సరిపోతుంది, ఇల్లు గడిచేది ఈమె జీతంతోనే. అందుకని ముందే సెలవు దరఖాస్తు పట్టుకుని చంద్రకాంత్ గారి దగ్గరికి వెళ్లింది.

"ముందుగాల శ్రీమంతం గానియ్యమ్మా, గా ముచ్చట తర్వాత చూద్దం" అన్నారాయన, ఎంతో ఆప్యాయంగా.

శ్రీమంతం జరిగింది. బియ్యం పడ్డాయి, కుడుకలు పడ్డాయి, కాగితం పడింది. రజని దాన్ని విప్పి మొదటి నుంచి చివరిదాకా చదివింది. కన్నీళ్లు పెట్టుకోలేదు. నా శైలికి అది మొదటి అవమానం. పద్మమ్మ గారు ఆమె బుగ్గలు నిమిరి, ఆనవాయితీగా అడిగారు:

"ఏం తినబుద్ధయితుంది బిడ్డా? సిగ్గుపడకు, అడుగు."

"తినేటిది ఏం లేదవ్వా. ఒక్కటే కోరికున్నది."

"చెప్పు మరి."

"జీతంతోని ఆరు నెలల సెలవు గావాలె. మల్ల వచ్చినంక నా క్లాసు నాకే ఇయ్యాలె. సార్ గిప్పుడే రాసి సంతకం పెడితే చాలు."

చంద్రకాంత్ గారు నవ్వబోయారు.

"అమ్మా, గిది కోరిక గాదే. సెలవు. ఆఫీసు పని."

"కడుపుతోనున్న పిల్ల నోరు తెరిచి అడిగింది కొడుకా. తీర్చకపోతే పుట్టేటి బిడ్డకు చెవుల చీము కారుతది. నువ్వు నా కడుపులున్నప్పుడు నాకు దానిమ్మపండు తినబుద్ధయింది. మీ నాయిన తేలే. నీకు చెవి రెండేండ్లు కారింది, యాది లేదా?"

యాభై ఏళ్ల చంద్రకాంత్ గారి చేయి తనంతట తానే కుడిచెవి మీదికి వెళ్లింది. టీచర్లందరూ ఆ చెవినే చూస్తున్నారు. రజని రాజీనామా కాగితాన్ని వెనక్కి తిప్పి, పెన్నుతో సహా అందించింది. నా అపురూప వచనం వీపు మీద ఆయన సెలవు మంజూరు చేసి సంతకం పెట్టారు. పద్మమ్మ గారు కేకు ముక్క తీసి రజని నోట్లో పెట్టారు.

రజనికి ఆరు నెలలూ జీతం అందింది. తిరిగొచ్చి తన క్లాసు తాను తీసుకుంది. బిడ్డను చూడ్డానికి వెళ్లిన పద్మమ్మ గారు ముందు రెండు చెవులూ వంచి చూసి, అప్పుడు ముద్దు పెట్టుకున్నారట.

అప్పటి నుంచి నా మనసే బాగాలేదు. పార్లమెంటు హక్కుగా రాసిచ్చినదాన్ని మా బడిలో గర్భిణి కోరికగా అడుక్కోవలసి వచ్చింది. చెవంటే ఉన్న భయం చట్టమంటే లేకపోయింది! వెళ్లిపోయిన టీచర్లు కూడా అదే కోరుకుని ఉంటారని నాకు తెలియదా? ఒడిలో కాగితం పడ్డప్పుడు నిఖత్ నా వైపే చూసింది. నేను కేకు తింటున్నాను. సిగ్గేస్తోంది.

బడి మాత్రం ఏమీ నష్టపోలేదు, కంగారు పడకండి. ఇప్పుడు శ్రీమంతాలు బంద్. ఆ శ్రమంతా ముందే, ఇంటర్వ్యూలోనే తీర్చేస్తున్నారు. మొన్న సైన్స్ పోస్టుకు నిజాంపేట నుంచి అఫ్షా అనే అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో గోల్డ్ మెడల్. చంద్రకాంత్ గారు సర్టిఫికెట్లు పక్కన పెట్టి, పెళ్లెప్పుడైంది, పిల్లలున్నారా, ఎప్పుడనుకుంటున్నారు, మీ అత్తగారికి తొందరేమన్నా ఉందా అని వరసపెట్టి అడిగారు. నేను పక్కన కూర్చుని జవాబులు రాసుకుంటున్నాను.

ఆ అమ్మాయి ఫైలు మూసింది.

"సార్, నన్ను సైన్స్ చెప్పనీకి పిలిచిండ్రా, పెళ్లిచూపులకు పిలిచిండ్రా?"

చంద్రకాంత్ గారు ఏమాత్రం తొణకలేదు. మర్యాదగా లేచి నిలబడ్డారు.

"మీరు పొండ్రి. మేం ఇంట్ల మాట్లాడుకొని కబురు చేస్తం."

ఆ సంబంధం కుదరలేదు.