బార్నబే గడ్డిలో పూలు కోసిందెవరు

ఆ ఆదివారం ఫుల్క్రాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ప్రార్థన ముగిసి జనం బయటికి రాగానే, ఈ కొండ ఊళ్ళో చూసి తాను చెక్కిన బొమ్మ అచ్చయిన వారపత్రికను రైతు తెయోద్యుల్ చేతిలో పెట్టాలి. ఆయన మురిసిపోతుండగా కూతురు జెలీని తనకిమ్మని అడగాలి. పట్నంలో చెక్క దిమ్మెల మీద బొమ్మలు చెక్కి బతికేవాడంటే ఏ రైతుకైనా కాస్త అనుమానమే కాబట్టి, ముందు పనితనం చూపిద్దామనుకున్నాడు.

బొమ్మ నిజంగానే బాగుంది. వాగు, చర్చి గోపురం, ఓ పశువుల కొట్టం, వసంతం రాగానే విరగబూసిన నార్సిసస్ పూలు, వాటిని ఒడి నిండా కోసుకుంటున్న ఆడపిల్లలు, అందరికన్నా ముందు జెలీ. తెయోద్యుల్ కళ్ళు చెమర్చాయి.

"అచ్చం మా అమ్మాయే. ఆ ముక్కు మా అమ్మది," అన్నాడు.

పక్క పొలం బార్నబే ఆయన భుజం మీదుగా తొంగిచూశాడు. "ముక్కు సంగతి సరే బావా, కాళ్ళెక్కడున్నాయో చూడు. వాగుకి నా వైపు. నా గడ్డిలో."

చర్చి ముంగిట జనమంతా బొమ్మ చుట్టూ మూగారు. కోతలయ్యేదాకా ఒకరి గడ్డి ఇంకొకరు తొక్కకూడదని ఆ కొండల్లో చంటిపిల్లలకు కూడా తెలుసు, పట్నం నుంచి వచ్చిన ఫుల్క్రాన్‌కే తెలియదు. తన గడ్డి ఎవరో తొక్కేశారని బార్నబే కొన్నాళ్ళుగా ఊరంతా గోల పెడుతున్నాడు. మా ఇంటివాళ్ళు అటు అడుగే పెట్టలేదని తెయోద్యుల్ ఇదే గుమ్మంలో అందరి ముందూ ఒట్టేశాడు.

జెలీ మొహం పాలిపోయింది. అది చూశాక ఫుల్క్రాన్ నోరు ఆగలేదు.

"తప్పు నాదండీ. దిమ్మె మీద కుడిదాన్ని ఎడమకి తిప్పి చెక్కాలి, అప్పుడే అచ్చులో సరిగ్గా పడుతుంది. నేను తిప్పడం మర్చిపోయాను. వాళ్ళు కోసింది వీళ్ళ పొలంలోనే."

"మరి చర్చి ఉన్నచోటే ఉందేం?" అన్నాడు బార్నబే.

"చర్చిని తిప్పాను. మనుషుల్ని మర్చిపోయాను."

"నా పశువుల కొట్టం కూడా నా వైపే ఉందిగా?"

"కొట్టం దగ్గరికొచ్చేసరికి గుర్తొచ్చింది. ఆడపిల్లల దగ్గర మళ్ళీ మర్చిపోయాను."

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత ఊరంతా నవ్వింది. పని కొత్తగా నేర్చుకునేవాడు కూడా చేయని తప్పును చేయకుండానే నెత్తినేసుకున్నందుకు ఫుల్క్రాన్ చెవులు కాలిపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాడు.

"నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు బాబూ," అన్నాడు తెయోద్యుల్. "కుడి ఎడమ తెలియనివాడికి నా ఎడ్లబండే ఇవ్వను. పిల్లనెలా ఇస్తాను?"

జెలీ ఇక ఉండబట్టలేకపోయింది. "ఆయన తిప్పే చెక్కారు నాన్నా. మేం అక్కడే కోశాం. పూలు అటువైపే బాగా పూశాయి."

ఈసారి తల దించుకోవడం తెయోద్యుల్ వంతయింది. ఒట్టేసిన గుమ్మం వైపు చూడలేక, తొక్కినదానికి బదులు తన గడ్డిలో కొంత కోసుకుపొమ్మని బార్నబేకి గొణిగినట్టు చెప్పాడు. తర్వాత ఫుల్క్రాన్‌ను పక్కకు లాక్కెళ్ళాడు.

"అయితే నీకు పని వచ్చా?"

"వచ్చండీ."

"మరి ఆ కొట్టం సంగతి?"

"అప్పటికప్పుడు అల్లానండీ. క్షమించండి."

"చర్చి ముందు నిలబడి, కన్నార్పకుండా అల్లావు." తెయోద్యుల్ గొంతు తగ్గించాడు. "ఈ బార్నబేతో నాకు గట్టు తగాదా ఒకటి కోర్టులో నడుస్తోంది. నీలాంటి సాక్షి లేక ఛస్తున్నాను. కోర్టు వాయిదా రోజుకి ముందే పెళ్ళి పెట్టుకుందాం."

పెళ్ళి కుదిరినందుకు అంత సిగ్గుపడిన పెళ్ళికొడుకుని ఆ ఊరు అంతకుముందు చూడలేదు.