మనస్తత్వశాస్త్ర శాఖవారి గిత్త

మనిషి మనసును విద్యార్థులు స్వహస్తాలతోనే తెలుసుకోవాలని పెద్దలు తీర్మానించిన రోజున గుంటూరు జిల్లాలో అజ్ఞానం అధికారికంగా రద్దయింది. అది పందొమ్మిది వందల అరవై రెండు. మా కాలేజీలో బి.ఏ. మనస్తత్వశాస్త్రం తెరిచారు. ప్రయోగం చెయ్యనివాడికి హాల్ టికెట్ లేదన్నారు. ప్రయోగాలకు పరికరాలూ కొన్నారు. అవి పాడవకుండా విద్యార్థులెవరూ ముట్టుకోరాదని నిబంధన పెట్టి, బీరువాకు తాళం వేశారు. (తాళంచెవి ప్రిన్సిపాల్ గారి దగ్గరుంది. ప్రిన్సిపాల్ గారు క్యాంపులో ఉన్నారు.)

పానకాలుది మంగళగిరిలో మగ్గాల ఇల్లు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. హాల్ టికెట్ రాకపోతే మళ్లీ మగ్గం గుంటలో కూర్చోవాల్సిందేనని తండ్రి రాఘవులు ముందే చెప్పి ఉంచాడు. పానకాలుకు పడింది స్పర్శజ్ఞాన ప్రయోగం. ఒక మనిషి చేతిని గుడ్డతో కప్పి, కంపాసు మొనలు ఒకసారి ఒకటి, ఒకసారి రెండు ఆనించి, ఎన్ని తగిలాయో అడగాలి. కంపాసు బీరువాలో ఉంది.

"వేళ్లు లేవుటయ్యా? స్వహస్తాలతో అన్నారుగా!" అన్నారు లెక్చరర్ జోసఫ్ గారు.

ఆ చెయ్యి మనస్తత్వశాస్త్రం తెలియనివాళ్లదై ఉండాలని మరో నిబంధన. (దీని ప్రకారం మా శాఖలో అందరూ అర్హులే. పాపం, ఎవరికీ తీరిక లేదు.)

పానకాలు ముందు మిరపకాయల కొట్టుకు వెళ్లాడు. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న వెంకాయమ్మ చెయ్యి చాపుతూ, "మంట పుడుద్ది నాయనా, తర్వాత నన్ననొద్దు" అంది. కుర్రవాడు వినలేదు. పైగా అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ప్రయోగకర్త అనవసరంగా చలించాడని జోసఫ్ గారు ఆ ప్రయోగం కొట్టేశారు.

మర్నాడు పశువుల సంత. తుమ్మచెట్టు నీడన తీరిగ్గా కూర్చుని ఎద్దుల బేరగాడు సిలార్ కనిపించాడు. మన సంతల్లో ధర నోటితో చెప్పరు. పక్కవాడికి తెలియకుండా తుండుగుడ్డ కింద వేళ్లు పట్టి చెబుతారు. వేలికి వంద రూపాయలు. గుడ్డ తీశాక మాట మార్చకూడదు. మగ్గాల ఇంటి పిల్లవాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

"ఒక్కసారి చెయ్యి ఇస్తారా మామా?" అని పానకాలు తుండుగుడ్డ కప్పాడు. సిలార్ పక్కనున్న గిత్తను ఓ చూపు చూసి, ఆనందంగా చెయ్యిచ్చాడు. పానకాలు ఒక వేలు నొక్కాడు. సిలార్ తల అడ్డంగా ఊపాడు. పానకాలు రెండు నొక్కాడు. సిలార్ మొహం విప్పారింది.

"ఎన్ని తగిలాయండీ?"

"రెండు గదా బాబూ! ఖాయం!" అని సిలార్ గుడ్డ తీసి, గిత్త పలుపు చేతిలో పెట్టాడు.

జవాబు సరైనదే. శాస్త్రరీత్యా ప్రయోగం జయప్రదమైంది.

"గిత్త నాకెందుకు మామా?"

"గుడ్డ తీశాక ఆ మాట అనగూడదు బాబూ. పదిమందీ చూశారు."

రాఘవులు గిత్తను చూసి, "ఏరా, మగ్గానికి కడతావా?" అన్నాడు. పరువు పోతుందని నేసిన చీరలన్నీ అమ్మి, గిత్త ఖరీదు కట్టాడు. దాన్ని కట్టెయ్యడానికి చోటు లేక, పానకాలు పలుపు పట్టుకుని కాలేజీకి నడిపించుకొచ్చాడు.

క్యాంపు నుంచి వచ్చిన ప్రిన్సిపాల్ గారు ఎంతో సంతోషించారు. ప్రయోగంలో లభించింది గనక గిత్త శాఖ ఆస్తి అన్నారు. పరికరాల్లో చేర్పించారు. పరికరాలను విద్యార్థులు ముట్టుకోరాదు గనక, పలుపు పట్టుకున్న నేరానికి పానకాలు హాల్ టికెట్ ఆపారు. (మేత మాత్రం అతనే తేవాలి. ముట్టుకోకుండా వెయ్యాలి.)

కంపాసు నేటికీ కొత్తదిలాగే ఉంది. గిత్త బాగా ఒళ్లు చేసింది. పానకాలు మంగళగిరిలో మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేస్తున్నాడు, స్వహస్తాలతోనే.