సంబంధాల అధికారి

ఆ సోమవారం పొద్దున తిమోతి పెట్టుకున్న పని ఒక్కటే. నంద్యాలలో బస్సెక్కి ఆళ్ళగడ్డ బ్రాంచికి పోవాలి, ఒక్క మనిషి చేతనైనా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించాలి. అదీ ఐదేళ్ళకు. అంతకు తక్కువైతే లెక్కలోకి రాదనీ, శనివారంలోగా ఒక్కటీ రాకపోతే ఉద్యోగం ఉండదనీ మేనేజరు ప్రియదర్శిని మొహమాటం లేకుండా చెప్పేసింది.

హైదరాబాదులో అతను పెద్ద పెట్టుబడుల కంపెనీలో పనిచేసినవాడు. ఏ కంపెనీ మునుగుతుందో కోటీశ్వరులకు ముందే చెప్పేవాడు గానీ, తనకు జీతమిచ్చే కంపెనీ మునుగుతున్న సంగతి మాత్రం కనిపెట్టలేకపోయాడు. నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాక దొరికింది ఈ చిన్న ఫైనాన్స్ కంపెనీలో రిలేషన్‌షిప్ ఆఫీసరు పని. పేరుకే ఆఫీసరు, ఎండలో తిరిగి డిపాజిట్లు అడుక్కోవాలి. తండ్రికి మాత్రం "ఆఫీసరుగా చేరినా నాయనా" అని చెప్పి ఊరుకున్నాడు. రిటైరైన బడిపంతులు ఆ తండ్రి సంజీవయ్య, చర్చిలో నలుగురికీ చెప్పేటప్పటికి ఆ ఆఫీసరును మేనేజరును చేశాడు. ఇప్పుడు ఇది కూడా ఊడితే నంద్యాలలో తల ఎట్లా ఎత్తుకోవాలో తిమోతికి తెలియడం లేదు.

బోర్డులన్నీ తెలుగులో ఉండాలని పై ఆఫీసు ఉత్తర్వు. ప్రియదర్శిని పేర్లూ హోదాలూ ఇంగ్లీషులో పంపింది, ఫ్లెక్సీ షాపువాడు వాటిని ఫోనులో అనువాదం యాప్‌కిచ్చి తెలుగు చేయించాడు. తిమోతి లోపల కూర్చుని ఫారాలు సర్దుకుంటుండగా, షాపువాడు బయట గోడకు బోర్డు తగిలించి పోయాడు: "తిమోతి, సంబంధాల అధికారి."

దాన్ని మొదట చూసింది కమలాక్షమ్మ. దొర్నిపాడులో పొలాలున్న ఇల్లు ఆమెది. కూతురికి రెండేళ్ళుగా సంబంధాలు వెతికి, పెళ్ళిళ్ళ బ్రోకర్ల అబద్ధాలకు విసిగిపోయింది. ఫైనాన్స్ కంపెనీ అయితే అవతలివాళ్ళ అప్పులు కూడా తెలుస్తాయనుకుని సంతోషంగా లోపలికి వచ్చింది.

"సంబంధాలు చూసేది నువ్వేనా అప్పా?"

కస్టమర్లతో సంబంధాలు చూసుకోవడమే నీ పని అని ట్రైనింగులో నూరిపోశారు కనుక, తిమోతికి ఆ ప్రశ్నలో వింతేమీ కనబడలేదు. "నేనేమ్మా, కూచోండి."

"మా పాపకు మంచిది చూడాల."

"పాపకైతే ఇంకా మంచిదమ్మా. ఎన్నేళ్ళకు కావాల?"

"ఏందీ?"

"ఏడాదికుంది, మూడేళ్ళకుంది, ఐదేళ్ళకుంది. నా మాటినండి, ఐదేళ్ళకు పెట్టుకోండి. లాభం ఎక్కువ."

కమలాక్షమ్మ కూతురి ఫోటో ఉన్న కవరును కొంగులో దాచుకుంది. "మధ్యలో వద్దనుకుంటే?"

"ఎప్పుడన్నా తెంచుకోవచ్చమ్మా. కొంచెం పెనాల్టీ పడతాది, అంతే. ఐదేళ్ళు బాగా జరిగితే మళ్ళీ రెన్యువల్."

"నీ నోట్లో మన్ను బడ!" అని కమలాక్షమ్మ లేచి వెళ్ళిపోయింది.

ఆమె బస్టాండు దగ్గరున్న తమ్ముడు సుబ్బయ్యకు చెప్పింది. సుబ్బయ్య టీ కొట్టులో చెప్పాడు. అక్కడ మాటకు చిలవలు పలవలు పుట్టి, ఫైనాన్సోళ్ళు పెళ్ళికొడుకుల్ని లీజుకిస్తాండారని బజారంతా పాకింది. ఈలోగా ఒక ముసలాయన కొడుకు ఫోటో పట్టుకుని తిమోతి ముందు కూర్చున్నాడు. "మావానికి ఏడాదిది చాలప్పా. వాని గుణానికి అంతకంటే ఎక్కువ ఎవురూ నిలవరు" అన్నాడు. తిమోతికి అప్పుడు ఏదో తేడాగా అనిపించింది గానీ, ఆలోచించే వ్యవధి లేదు. సుబ్బయ్య అక్కను వెంటబెట్టుకుని పదిమందితో వచ్చి, అతని చొక్కా పట్టి రోడ్డు మీదికి లాక్కొచ్చాడు.

"ఏమప్పా, ఆడబిడ్డలతో యాపారం చేస్తాండావా?"

తిమోతి తలెత్తి బోర్డు చదివాడు. అంతా అర్థమైంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ప్రియదర్శిని కూడా బయటికొచ్చింది. బోర్డు రాయించింది తానేనన్న సంగతి ఆమెకు ఆ క్షణంలో గుర్తున్నట్టు లేదు. "తిమోతీ, సామాన్లు సర్దుకో" అంది.

తప్పు బోర్డుదని చెప్పొచ్చు. కానీ ఈ చిన్న ఉద్యోగం మీద తనకెంత ప్రేమ ఉందో పోయేటప్పుడే తెలిసి, తిమోతికి దుఃఖం వచ్చింది. కమలాక్షమ్మ వైపు తిరిగితే నోటికి వేరే మాటలొచ్చాయి.

"అమ్మా, నేను పెళ్ళి సంబంధాలు చూసేటోన్ని గాదు. డిపాజిట్లు కట్టించేటోన్ని. హైదరాబాదులో పెద్ద పని చేస్తాంటి, అది పాయె. ఇది చిన్న పని. సిగ్గై మా నాయనకు గూడా సరింగా చెప్పలేదు. ఇప్పుడు ఇదీ పాయె."

సుబ్బయ్య చెయ్యి వదులైంది. కమలాక్షమ్మ తిమోతిని కిందా మీదా చూసింది.

"సుబ్బయ్యా, రెండేండ్లలో ఎంతమంది మొగపిల్లోళ్ళను చూసినాం! ఒగడన్నా నా పని పోయిందని చెప్పినాడా? పాప పెండ్లి దుడ్లు ఈ పిల్లోని దగ్గర పెడతా."

"తన సంగతే దాచుకోలేనోడు మన దుడ్లేం దాస్తాడక్కా?"

"తన సంగతి దాచనోడే మన దుడ్లు దాస్తాడు. ఐదేళ్ళకే వెయ్యప్పా."

ప్రియదర్శిని ముఖం విప్పారింది. లోపలికి పోయాక తిమోతి ఫారం తీసి, పేరు రాసి, ఆగిపోయాడు. "పెండ్లి ఎప్పుడమ్మా?"

"కుదిరితే వచ్చే ఏడే."

అతను మేనేజరు వైపు చూడకుండా కలం మూశాడు. "ఐతే ఐదేళ్ళకొద్దు. ఏడాదికి చాలు. మధ్యలో తెంచితే మీకే నష్టం."

ప్రియదర్శిని తల పట్టుకుంది. సుబ్బయ్య మాత్రం కుర్చీ లాక్కుని తిమోతి ఎదురుగా కూర్చున్నాడు. "నాకు పెండ్లి చెయ్యాల్సిన పిల్లోళ్ళు లేరప్పా. నావి ఐదేళ్ళకు వెయ్యి."

అట్లా ఉద్యోగం నిలిచింది. హోదా నిలవలేదు. ఆళ్ళగడ్డలో రిలేషన్‌షిప్ అన్న మాట ఇక ఏ భాషలోనూ రాయకూడదని ప్రియదర్శిని తీర్మానించింది. కంపెనీ హోదాల జాబితాలో అతనికి మిగిలింది ఒక మెట్టు కిందుండే కౌంటర్ అసిస్టెంటు. జీతం మాత్రం అంతే.

సాయంత్రం తిమోతి ఏదీ దాచకుండా అంతా తండ్రికి చెప్పాడు. చెప్పేసినాక గుండె తేలికైంది. సంజీవయ్య కంచం ముందుకు జరిపాడు. "పని ఉండాది గదా, అన్నం తిను" అన్నాడు.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పే సమయం రాగానే సంజీవయ్య లేచి నిలబడి, కొడుక్కు ప్రమోషన్ ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పాడు.